టమోటా మొదట్లో ఏం కప్పాలి?

మదనపల్లె టమోటాకు పేరు తెచ్చింది ఎండాకాలమే. ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. రాత్రిళ్లు చల్లబడతాయి కాబట్టి కోస్తాలో పూత రాలిపోయే రోజుల్లో కూడా ఇక్కడ పిందె నిలుస్తుంది. పుంగనూరు, కుప్పం కూడా అదే మెట్ట మీద ఉన్నాయి. 2023 జూలైలో కిలో 100 రూపాయలు దాటాక పెరట్లో నాలుగు మొక్కలు పెట్టుకుందామన్న ఆలోచన చాలామందికి వచ్చింది. చిక్కల్లా ఆ తర్వాతే. ఆకు పసుపెక్కగానే దాన్ని తుంచుకుని మందుల అంగడికి పోతాం, సీసాతో తిరిగొస్తాం. నాలుగు మొక్కలకు ఆ సీసా చాలాసార్లు దండగ. అసలు చూడాల్సింది రెండు: జబ్బు ఏ ఆకు నుంచి మొదలైంది, మొక్క మొదట్లో మట్టి ఎలా ఉంది.

అడుగు ఆకులు ముందు పండుతూ, పై ఆకులు పచ్చగా ఉంటే మొక్కకు నత్రజని చాలడం లేదని అర్థం. ఉన్న కొద్దిపాటి నత్రజనిని ముదురు ఆకుల నుంచి తీసి లేత ఆకులకు పంపుకుంటుంది మొక్క. దీనికి బాగా మాగిన పశువుల ఎరువు చాలు. అలా కాకుండా, కొస చిగుళ్లు తెల్లబోయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే ఇనుము అందడం లేదు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు పోస్తే నేలలో ఇనుము ఉన్నా వేరుకు దొరకదు. అప్పుడు ఎంత యూరియా వేసినా పచ్చబడదు. వాననీళ్లు పట్టి పోయగలిగితే మేలు. అడుగు ఆకుల మీద ఒకదానిలో ఒకటిగా గోధుమరంగు వలయాలుంటే అది ఆకుమాడు తెగులు. వాన చినుకు నేలను కొట్టి మట్టిని ఎగజిమ్మినప్పుడు ఆ బూజు కింది ఆకులకు అంటుకుంటుంది.

ఆకులు పైకి ముడుచుకుని, చిన్నవై, మొక్క గిడసబారితే అది ఆకుముడత. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది. దానికి మందు లేదు, ఇది మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. ఆ మొక్కను పీకి కాల్చేయడమే మిగతావాటికి రక్ష. నారు దశలో సన్నని నైలాన్ వల కప్పితే దోమ చాలామటుకు ఆగుతుంది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క రక్షక్ రకం ఆకుముడత, బ్యాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది. పెరటికి అలాంటి రకమే ఎంచుకోవాలి.

ఆకులు పచ్చగా ఉండగానే మొక్క మొత్తం వాలిపోయి, నీళ్లు పోసినా లేవకపోతే కాండం మొదట్లో కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులో తేట నీళ్లలో నిలబెట్టండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోట నుంచి పాలలాంటి దారాలు జారితే బ్యాక్టీరియా ఎండుతెగులు. దారాలు రాకుండా, నేలకు ఆనుకున్న కాండం మీద తెల్లని బూజూ, ఆవగింజల్లాంటి గోధుమరంగు గుండ్లూ కనిపిస్తే మొదలు కుళ్లు. ఈ రెండో జబ్బే మొదట్లో ఏం కప్పామన్నదానితో నేరుగా ముడిపడింది.

మొదలు చుట్టూ నేలను ఇలా కప్పడమే ఆచ్ఛాదన. మన రైతులకు అది కొత్త కాదు. ప్రకృతి వ్యవసాయంలో బీజామృతం, జీవామృతం, వాపసలతో కలిపి నాలుగో అంగం అదే. ఎర్రనేల తొందరగా ఆరిపోతుంది. ఒకరోజు తడి, నాలుగు రోజులు ఎండు అయితే కాయ అడుగున నల్లగా కుళ్లు పడుతుంది. దాన్ని చూసి సున్నం, క్యాల్షియం అంటూ పరుగెత్తుతారు గానీ, చాలాసార్లు నేలలో క్యాల్షియం ఉంటుంది. దాన్ని కాయదాకా మోసుకుపోయే నీళ్ల వరస తప్పడమే అసలు లోపం. కాయ పగలడానికీ ఎక్కువగా ఇదే కారణం. కప్పు వేసిన నేలలో తడి నిలకడగా ఉంటుంది, మట్టి చిమ్మదు, కలుపు తగ్గుతుంది. వైరస్‌ను మాత్రం ఆపదు.

ఏం కప్పాలి? ఈ మెట్టలో చవగ్గా దొరికేది చెనిక్కాయ (వేరుశనగ) పొట్టు. తేలిక, పరచడం సులువు. కానీ మొదలు కుళ్లు తెచ్చే శిలీంధ్రం వేరుశనగనూ పట్టేదే. తెగులు సోకిన చేని చెత్త, కట్టె తెచ్చి టమోటా మొదట్లో పోస్తే జబ్బును ఇంటికి పిలిచినట్టే. మిల్లు నుంచి వచ్చిన ఎండు పొట్టు కొంత నయం, అదీ నాలుగైదు రోజులు మంచి ఎండలో పరిచాకే. వరిగడ్డి మంచిదే, చెదలతో జాగ్రత్త. మట్టిలో కలపకుండా పైనే ఉంచాలి, కలిపితే కుళ్లడానికి నత్రజనిని నేల నుంచి లాక్కుంటుంది. పచ్చి రంపపు పొట్టుకూ ఇదే మాట. మామిడి ఆకులు తోలులా ఉండి పొరలు కట్టి నీటిని పక్కకు జార్చేస్తాయి, నలిపి వేయండి. నీలగిరి ఆకు పచ్చిగా వద్దు. పట్టుపురుగుల షెడ్డు నుంచి వచ్చే మల్బరీ చెత్తలో సారం ఎక్కువ, కానీ దాన్ని మాగబెట్టాకే వాడాలి. పచ్చిగా వేస్తే వేడి పుట్టి వేరును మాడుస్తుంది.

మల్చింగ్ పేపర్, అంటే నేల మీద పరిచే ప్లాస్టిక్ షీటు, సంగతి వేరు. పొలంలో 25, 30 మైక్రాన్ల పేపరు డ్రిప్పుతో కలిసి నీటినీ కూలినీ మిగులుస్తుంది. పైకి వెండి రంగు ఉంటే వెలుతురు ఆకుల కిందకు తిరిగి కొట్టి తెల్లదోమ, తామర పురుగులు కొంత బెదురుతాయి. పెరట్లోకి మాత్రం అది తెచ్చుకోవద్దని నా సలహా. పంట అయ్యాక చిరిగిన ముక్కలు మట్టిలో మిగిలిపోతాయి, వీధి ఆవులు తింటాయి.

పరిచే పద్ధతి తేలికే. ముందు నీళ్లు పోసి నేల తడపండి. ఆపైన రెండు మూడు అంగుళాల మందాన కప్పండి. కాండం చుట్టూ బెత్తెడు జాగా వదలండి, ఎందుకంటే మొదలు కుళ్లు పుట్టేది కాండానికి ఆనుకున్న తడి చెత్తలోనే. అక్టోబరు, నవంబరు ముసురులో కప్పు పలచన చేయండి. నీళ్లు పోసే ముందు చెత్త పక్కకు తీసి వేలు రెండంగుళాలు దించి చూడండి, తడి తగిలితే ఆ పూట పోయకండి.

ఎండుతెగులు వచ్చిన చోట కనీసం మూడేళ్లు టమోటా, వంగ, మిరప, బంగాళదుంప పెట్టవద్దు. చెనిక్కాయ కూడా ఆ జబ్బుకు లొంగేదే. రాగులో, మొక్కజొన్నో వేయండి.