తీగ లేని మౌస్ ఎలా చూస్తుంది?

మౌస్ అడుగున చిన్న కెమెరా ఉంటుంది. పక్కనున్న దీపం వెలుగులో అది బల్లను సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీస్తుంది. గరుకు గుర్తులు ఒక ఫొటో నుంచి మరో ఫొటోకి ఎంత జరిగాయో చూసి, మౌస్ ఎటు కదిలిందో లెక్కగడుతుంది. నున్నటి గాజు మీద ఆ గుర్తులు దొరకవు. అందుకే తెర మీది బాణం తడబడుతుంది. కింద నోటుపుస్తకం పెడితే సరి, ఖరీదైన మౌస్ అక్కర్లేదు!

కొనేటప్పుడు పెట్టె మీది డీపీఐ అంకె చూసి మురిసిపోకండి. మౌస్‌ని అంగుళం జరిపితే బాణం ఎన్ని చుక్కలు కదులుతుందో చెప్పే లెక్క అది. హోంవర్కుకు 1000 ధారాళంగా సరిపోతుంది. ల్యాప్‌టాప్‌తో ఎలా కలుస్తుందన్నదే అసలు సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ రకానికి గోరంత రిసీవర్ ఇస్తారు. అది ఒక యూఎస్‌బీ పోర్టును ఆక్రమిస్తుంది, అది పోగొట్టుకుంటే చాలా చవక మౌస్‌లు మూలపడతాయి. పోర్టులు తక్కువుంటే రిసీవర్ అక్కర్లేని బ్లూటూత్ రకమే నయం.