ఆ పది స్వరాలు క్లాప్టన్‌వి కావు

గిటార్ కొత్తగా పట్టినవాళ్లు చాలామంది తొలి రోజుల్లోనే వాయించి మురిసిపోయే పాట ‘సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్’. బ్రిటన్‌కు చెందిన ముగ్గురి బృందం ‘క్రీమ్’ 1967లో దాన్ని రికార్డు చేసింది. పాట ఎంత పాతబడినా దాని చుట్టూ అల్లుకున్న కథలు మాత్రం పాతబడలేదు.

అపోహ: పాట మొదట్లో వచ్చే ఆ ప్రసిద్ధమైన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరస) గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ కట్టింది.

వాస్తవం: కట్టింది బేస్ వాయించిన జాక్ బ్రూస్. 1967 జనవరి 29న లండన్‌లోని సావిల్ థియేటర్‌లో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కచేరీకి బ్రూస్, క్లాప్టన్ ఇద్దరూ వెళ్లారు. ఆ వాయింపు బ్రూస్‌ను ఊపేసింది. గ్లాస్గోలో చెల్లో చదువుకున్న ఆ మనిషి, నిలబెట్టి వాయించే డబుల్ బేస్ మీద ఈ పది స్వరాల వరస పలికించాడు. అది ‘డి’ మీద మొదలై ‘డి’ మీదే ఆగుతుంది. మధ్యలో ‘ఎ’ నుంచి ‘జి’ దాకా అర స్వరం చొప్పున కిందికి జారుతుంది. బ్లూస్ రుచి అంతా ఆ జారుడులోనే ఉంది.

మరి పేరు క్లాప్టన్‌కు ఎందుకు పోయింది? రికార్డులో గిటార్, బేస్ రెండూ అదే వరసను కలిపి వాయిస్తాయి. పై స్థాయిలో పలికే గిటారే చెవిని ముందు పట్టుకుంటుంది. అలాగని క్లాప్టన్ వాటా తక్కువేమీ కాదు. పాట పేరు వినిపించే భాగం అతను చేర్చిందే. చరణాల్లో ఇద్దరూ పంక్తి మార్చి పంక్తి పాడతారు. ఇక అతని సోలో ‘బ్లూ మూన్’ అనే 1930ల నాటి పాట బాణీతో మొదలవుతుంది. గుర్తుపట్టినవాళ్లకు నవ్వొస్తుంది.

అపోహ: అరవైల నాటి రాక్ కదా, మాటల వెనక మత్తుమందులే ఉంటాయి.

వాస్తవం: అంత గూఢార్థమేమీ లేదు. కవి పీట్ బ్రౌన్, బ్రూస్‌తో కలిసి రాత్రంతా కూర్చున్నా పని తెమల్లేదు. తెల్లవారబోతుండగా కిటికీలోంచి కనిపించిన ఆకాశమే తొలి మాటలైంది. తెల్లవారుజామున ప్రియురాలి దగ్గరికి వెళ్లేవాడి పాట అది.

అపోహ: ఇది లండన్ స్టూడియోలో పుట్టిన శబ్దం.

వాస్తవం: 1967 మే నెలలో న్యూయార్క్‌లోని అట్లాంటిక్ స్టూడియోలో రికార్డయింది. ఇంజనీరు టామ్ డౌడ్.

అపోహ: పాట హెండ్రిక్స్‌ది, క్రీమ్ వాయించింది అనుకరణ.

వాస్తవం: హెండ్రిక్స్ స్ఫూర్తి మాత్రమే. 1969 జనవరి 4న బీబీసీలో గాయని లులు కార్యక్రమంలో అతను ‘హే జో’ పాటను మధ్యలో ఆపి, అప్పటికే విడిపోయిన క్రీమ్‌కు అంకితమంటూ ఈ పాట అందుకున్నాడు. అది ప్రత్యక్ష ప్రసారం. నిర్వాహకుల గుండెలు ఎలా కొట్టుకున్నాయో ఊహించుకోవచ్చు!

డ్రమ్స్ సంగతి ఇంత తేలిగ్గా తేలదు. రాక్‌లో మామూలుగా రెండు, నాలుగు మాత్రల మీద పడే దెబ్బను క్రీమ్ డ్రమ్మర్ జింజర్ బేకర్ ఇక్కడ ఒకటి, మూడు మీదికి మార్చాడు. హాలీవుడ్ సినిమాల్లో రెడ్ ఇండియన్ల డప్పులా వాయించమని తానే సూచించానని డౌడ్ అన్నాడు. బేకర్ ఒప్పుకోలేదు. ఆలోచన ఎవరిదైనా వాయించింది బేకరే. అయినా రచయితలుగా బ్రూస్, బ్రౌన్, క్లాప్టన్ పేర్లే ఉన్నాయి. తనకు అన్యాయం జరిగిందని బేకర్ చాలాసార్లు వాపోయాడు. నా మటుకు, ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది.