తాళం కాదు... తాఖీదు!

* బాడుగ బాకీ పడితే కోపం పనికిరాదు
* కరెంటు పీకితే ఓనరే ఇరుక్కుంటాడు
* మాటతో మొదలుపెట్టి చట్టంతో ముగించాలి

హోసూరు: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. హోసూరు వాళ్లను అడిగితే ఇంకోటి కూడా కలుపుతారు... బాడుగకిచ్చి చూడు! 1970ల్లో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చాక ఊరి చుట్టూ పొలాలు పోయి ఫ్యాక్టరీలు లేచాయి. మూకొండపల్లి, జూజువాడి వైపు మిగిలిన జాగాల్లో వరసగా లైన్ ఇళ్లు వచ్చాయి. ఒకప్పుడు రాగులు, కూరగాయలు పండించిన తెలుగు కుటుంబాలు కొన్ని ఇప్పుడు నెలనెలా వచ్చే బాడుగ మీదే బతుకుతున్నాయి. అప్పు చేసి కట్టిన వాళ్లకైతే బాడుగ వచ్చినా రాకపోయినా బ్యాంకు కంతు ఆగదు.

అటువైపు బాడుగకుండే వాళ్లలో కాంట్రాక్టు కార్మికులు ఎక్కువ. కంపెనీలో ఓటీ ఆగినా, పని రోజులు తగ్గినా మొదటి దెబ్బ పడేది బాడుగ మీదే. బియ్యం ఆపలేరు, పిల్లల ఫీజు ఆపలేరు. 'ఓనరన్నే కదా, ఓ నెల ఆగుతాడు' అనుకుంటారు. ఒక నెల రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అప్పుడు మొదలవుతుంది గొడవ.

మొదటి నెలలోనే మాట్లాడాలి

"ఏమప్పా, ఈ నెల బాడుగ రాలేదే?"

"ఓటీ లేదన్నా. జీతం సగమే పడింది. వచ్చే నెల కలిపి ఇచ్చేస్తా."

చాలా ఇళ్లలో మాట ఇక్కడితో ఆగిపోతుంది. ఆగకూడదు. ఇప్పుడు ఎంత ఇస్తావు, మిగతాది ఏ తేదీకి ఇస్తావు అని అక్కడికక్కడే తేల్చుకోవాలి. నెలకు రూ.5,000 బాడుగ ఉన్న ఇంట్లో రెండు నెలల బాకీ పడిందనుకుందాం. మొత్తం పదివేలు ఒక్కసారిగా తెమ్మంటే కార్మికుడు తేలేడు. మామూలు బాడుగతో పాటు నెలకు రూ.2,500 చొప్పున కలిపి ఇమ్మంటే నాలుగు నెలల్లో బాకీ తీరిపోతుంది. ఈ ఒప్పందాన్ని ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకుంటే మేలు. మాట మర్చిపోవచ్చు, కాగితం మర్చిపోదు.

ఇచ్చిన ప్రతి రూపాయికీ రశీదు ఉండాలి. బ్యాంకు ద్వారానో, ఫోన్‌లోనో పంపితే ఆ లెక్కే సాక్ష్యం. చేతికి ఇచ్చిన డబ్బుకు రశీదు లేకపోతే రేపు ఇద్దరికీ తలనొప్పే.

అడ్వాన్సు కరిగిపోనివ్వొద్దు

'అడ్వాన్సులో పట్టుకోండన్నా' అనేది తరచూ వినిపించే మాట. ఓనర్లూ సరే అంటారు. తీరా ఇల్లు ఖాళీ చేసే రోజుకు అడ్వాన్సు ఉండదు, ఈబీ బిల్లు బాకీ ఉంటుంది, పగిలిన తలుపు మిగులుతుంది. తమిళనాడు చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అంటే చేతిలో ఉండేది కొంచెమే. అది సగం కరిగేలోపే ఉండడమా, చిన్న ఇంటికి మారడమా అని బాడుగదారుతో తేల్చి మాట్లాడుకోవడం మంచిది.

ఇవి చేస్తే ఓనరే దోషి

కోపంలో కొందరు మీటరు ఫ్యూజు పీకేస్తారు. కొళాయి కట్టేస్తారు. మనుషులు డ్యూటీకి పోయిన సమయం చూసి ఇంకో తాళం వేసేస్తారు. టీవీనో, గ్యాస్ సిలిండరునో పట్టుకుపోతారు. బాకీ న్యాయమైనదే కావచ్చు, ఈ పనులు మాత్రం న్యాయం కావు. నీళ్లు, కరెంటు వంటివి ఆపడాన్ని చట్టం నిషేధించింది. ఫిర్యాదు అందితే వెంటనే తిరిగి ఇవ్వమని రెంట్ అథారిటీ ఆదేశించవచ్చు. చట్టప్రకారం కాకుండా బయటికి గెంటేస్తే, ఆరు నెలల్లోగా కోర్టుకు వెళ్లి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకునే హక్కు బాడుగదారుకు ఉంది. అలా జరిగితే బాడుగ రావాల్సిన ఓనరే లాయరు ఫీజు కట్టుకోవాల్సి వస్తుంది.

చట్టం దారి ఇదీ

తమిళనాడులో 1960 నాటి పాత బాడుగ చట్టం పోయి, 2017లో చేసిన కొత్త చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లోకి వచ్చింది. దీని కింద అగ్రిమెంటు రాతపూర్వకంగా ఉండాలి. దాన్ని రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయించాలి. డిప్యూటీ కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి ఈ అథారిటీగా ఉంటారు. నోటిమాట మీద ఇల్లిచ్చిన ఓనరుకు రేపు కేసు వేయాలంటే మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది.

రెండు నెలల బాడుగ పూర్తిగా కట్టకపోతే ఖాళీ చేయించమని రెంట్ కోర్టును ఆశ్రయించవచ్చు. అయితే నోటీసు అందిన నెలలోగా బాకీ మొత్తం కట్టేస్తే బాడుగదారును ఖాళీ చేయించరు. అంటే మొదటిసారి తప్పిన వాడికి చట్టం ఒక అవకాశం ఇస్తోంది. ఆ తర్వాత ఏడాదిలోపు మళ్లీ వరసగా రెండు నెలలు ఎగ్గొడితే మాత్రం ఆ వెసులుబాటు ఉండదు.

నోటీసును పోస్టులో, అందినట్టు రశీదు వచ్చేలా పంపాలి. ఏ నెలకు ఎంత బాకీ అనేది అందులో విడివిడిగా రాయాలి. బాకీ కోసం దావా వేయడానికి మూడేళ్లే గడువు. 'పోనీలే పాపం' అని ఏళ్లు గడిపితే పాత బాకీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

గేటు దాటితే వేరే రూలు

అత్తిబెలె గేటు దాటితే కర్ణాటక. అటుపక్కన ఇళ్లు ఉన్న హోసూరు వాళ్లు ఇక్కడి రూలే అక్కడా అనుకుంటే పొరపాటు. అక్కడిది 1999 నాటి బాడుగ చట్టం. అది తక్కువ బాడుగ ఇళ్లకే వర్తిస్తుంది. పెద్ద నగరాల్లో నెలకు రూ.3,500, మిగతా చోట్ల రూ.2,000 దాటితే ఆ చట్టం పరిధిలోకి రావు. చట్టం వర్తించే ఇళ్లకు బాకీ కట్టమని నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. వర్తించని ఇళ్లకు ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. అగ్రిమెంటులో వేరే షరతు లేకపోతే నెలవారీ బాడుగకు 15 రోజుల నోటీసిచ్చి, ఆ తర్వాత సివిల్ కోర్టుకు వెళ్లాలి.

లెక్క వేసుకుంటే...

ఇల్లు రెండు నెలలు ఖాళీగా పడి ఉంటే ఆ బాడుగ ఎటూ పోతుంది. సున్నం ఖర్చు, బ్రోకరు కమీషను వీటికి అదనం. వచ్చే కొత్త మనిషి ఎలాంటివాడో తెలీదు. నాలుగేళ్లు సక్రమంగా కట్టి ఒకసారి తడబడిన కుటుంబానికి గడువివ్వడం దానం కాదు, లెక్క ప్రకారం చూసినా లాభమే. ఫోన్ ఎత్తకుండా, తేదీల మీద తేదీలు చెప్పే వాడి దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. రెండో నెల దాటగానే నోటీసు పోస్టులో పడాలి. ఎవరికి గడువు, ఎవరికి నోటీసు అనేది మనిషిని చూసి తేల్చుకోవాల్సింది ఓనరే.