వంగే ఒళ్లు, నొచ్చే నడుము

ఎటు వంచితే అటు వంగే పిల్లలకు నడుము నొప్పేమిటి అనుకుంటాం. వాళ్లనే ముందు అడగాలి.

టీనేజీ పిల్లల నడుము నొప్పి మీద ఆదివారానికి కథనం కావాలన్నారు సంపాదకులు. గడువు దగ్గరపడుతున్నా, పోగుచేసిన కాగితాల్లో ఒక్క పేజీ పరీక్ష దగ్గరే ఆగిపోయాను. దాని పేరు బైటన్ స్కోరు. మొత్తం తొమ్మిది మార్కులు. స్కానింగు అక్కర్లేదు, రక్తం తియ్యక్కర్లేదు. ఒడిశాలోని రాయగడ జిల్లా తెరుబలి లాంటి చోట్లకు ఇలాంటిదే కావాలి. ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరది. దగ్గర్లో బిస్సం కటక్‌లో 1954 నుంచి క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది. అయినా ఎముకల డాక్టరంటే అక్కడి తెలుగు ఇళ్లలో గుర్తొచ్చేది విశాఖ రైలే.

పరీక్ష ఇదీ. అరచేయి బల్లకు ఆనించి చిటికెన వేలిని మెల్లగా వెనక్కి ఎత్తాలి. 90 డిగ్రీలు దాటితే ఒక మార్కు. మణికట్టు వంచి బొటనవేలిని ముంజేతికి తాకించగలిగితే ఇంకొకటి. మోచెయ్యి చాచినప్పుడు 10 డిగ్రీలకు మించి వెనక్కి పోతే ఒకటి, మోకాలూ అలాగే పోతే ఒకటి. కుడివైపు నాలుగు, ఎడమవైపు నాలుగు. ఆఖరిది, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి రెండు అరచేతులూ నేలకు ఆనించడం. 2017 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఈడు రాని పిల్లలకు 6, ఈడొచ్చాక 50 ఏళ్ల దాకా 5 వస్తే కీళ్లు వదులుగా ఉన్నట్టు లెక్క.

పరీక్ష మీద ఇష్టం ఉన్నా, మొత్తం మార్కులు చూసి బెంగపడటం నాకు నచ్చదు. తొమ్మిదిలో ఎనిమిది కాళ్లూచేతులవే. నడుముకు దక్కేది ఒక్కటే, అందులోనూ తుంటి, తొడ వెనక కండరాల పాత్రే ఎక్కువ. భుజం, మెడ ఊసే లేదు. వదులు కీళ్లున్న చాలామందికి ఏ నొప్పీ ఉండదు. వాటికీ నడుము నొప్పికీ ఉన్న లంకె మీద అధ్యయనాలూ ఒక్క మాట మీద లేవు. ఎవరిని ఇంకాస్త శ్రద్ధగా అడగాలో చెప్పడమే ఈ స్కోరు చేసే మేలు.

కీలును పట్టి ఉంచే లిగమెంట్లు సాగే రకమైతే ఆ పని కండరాల మీద పడుతుంది. ట్యూషన్లో గంటల తరబడి కూలబడి కూర్చున్న పిల్లకు సాయంత్రానికి నడుము లాగడం అందుకే కావచ్చు. "ఈ వయసుకే నడుం నొప్పేటే అమ్మా?" అని ఇంట్లో కొట్టిపారేస్తారు. నిన్ననేగా చుట్టాల ముందు విల్లులా వంగి చూపించింది! వంగడం వేరు, బలం వేరు.

చరిత్ర క్లుప్తంగా: సిథియన్లనే ప్రాచీన సంచార జాతి వదులు కీళ్ల గురించి గ్రీకు వైద్య గ్రంథాల్లోనే ఉంది. 1964లో కార్టర్, విల్కిన్సన్ పరీక్షలు కూర్చారు, 1967లో కిర్క్ బృందం వదులు కీళ్లతో వచ్చే బాధకు పేరు పెట్టింది, 1973లో దక్షిణాఫ్రికా పల్లెవాసులను పరీక్షించి బైటన్ బృందం ఈ స్కోరుకు ఇప్పటి రూపం ఇచ్చింది.

మందు మంచం మీద లేదు. ఇంకా సాగదీయడంలోనూ లేదు. పొట్ట, నడుము, పిరుదుల కండరాలకు కొద్దికొద్దిగా బలం పెంచే వ్యాయామాలు వారాల తరబడి చేయాలి. మొదట ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే మేలు. ఆటలు మాన్పించొద్దు, ఒళ్లు విరిచే విన్యాసాలు మాన్పించండి. బడిసంచి బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి కేంద్ర విధానమే చెబుతోంది. వీటన్నిటికంటే ముందు, నొప్పి అన్నప్పుడు ఆ మాట నమ్మాలి.

ఇవి ఉంటే ఆగొద్దు

• రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం: వెన్నెముక క్షయ కూడా కావచ్చు.
• కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రం మీద పట్టు తప్పడం: అదే రోజు ఆసుపత్రికి.
• వెనక్కి వంగితే పెరిగే నొప్పి: డ్యాన్సు చేసేవారిలో, ఫాస్ట్ బౌలర్లలో వెన్నుపూస చిట్లి ఉండొచ్చు.
• పొద్దున్నే బిగుసుకుపోయి, తిరిగితే తగ్గేది: కీళ్లవాతం సంగతి చూడాలి.
• కొరాపుట్, రాయగడల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. అదీ ఎముకల్లో, వెన్నులో తీవ్రమైన నొప్పి తెస్తుంది. రక్తపరీక్షతో తేలిపోతుంది. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ 40 ఏళ్లలోపు వారికి ఈ పరీక్ష చేయిస్తోంది.