మూత్రపిండం మార్పిడి: పొలం అమ్మేముందు ఈ లెక్క వేయండి

ఆమదాలవలసలో నా దగ్గరకు ఒక సాయంత్రం ముగ్గురు వచ్చారు. తల్లి, కొడుకు, కోడలు. కొడుకు వయసు ముప్ఫై దాటి ఎంతో కాలం కాలేదు. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. డయాలిసిస్ మీద ఉన్నాడు. తల్లి తన మూత్రపిండం ఇస్తానంటోంది.

"ఎకరం పొలముంది బాబూ. అమ్మీసి ఆపరేషను సేయించీమంటన్నారు ఊళ్ళో వోళ్ళు. ఆ డబ్బు సాలుద్దా?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. తెల్లకాగితం ఒకటి కోడలి చేతికిచ్చి, "నేను చెబుతాను, నువ్వు రాయమ్మా" అన్నాను. ఆ లెక్కే మీకూ చెబుతున్నాను. మన జిల్లాలో ఈ లెక్క ఎందరికో అవసరం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో, అంటే ఉద్దానంలో, మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను తాకిందో మీకు తెలియనిది కాదు. దానికి ఇదే కారణమని ఇప్పటికీ తేలలేదు.

లెక్కలో మొదటిది ఆపరేషనుకు ముందు ఖర్చు. ఇచ్చేవారికీ, పుచ్చుకునేవారికీ రక్తపు గ్రూపు, కణజాల పరీక్షలు, గుండె పరీక్ష, స్కానింగులు చేస్తారు. ఇవి ఒక్క రోజులో తేలవు. శ్రీకాకుళం రోడ్ స్టేషనులో రైలెక్కి ఇద్దరు ముగ్గురు విశాఖపట్నం ఎన్నిసార్లు వెళ్ళి రావాలో కలుపుకోండి.

రెండోది ఆపరేషను. అందరూ లెక్కవేసేది దీన్నొక్కదాన్నే.

మూడోది మొదటి మూడు నెలలు. పరీక్షలకు తరచు వెళ్ళాలి గనుక ఆస్పత్రికి దగ్గరలో గది అద్దెకు తీసుకోవలసి రావచ్చు. రోగికి పని ఉండదు. మూత్రపిండం ఇచ్చిన మనిషి కూడా ఆరు వారాలదాకా బరువులు ఎత్తకూడదు. తోడున్నవారి కూలి పోతుంది. ఇంట్లో ముగ్గురి సంపాదన ఒకేసారి ఆగుతుందన్నమాట.

నాలుగోది మాత్రలు. ఇదే అసలు ఖర్చు. మన శరీరం కొత్త మూత్రపిండాన్ని పరాయిదిగా చూసి దాడి చేస్తుంది. ఆ దాడిని అణచడానికి టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్ వంటి మందులు వాడాలి. ఎన్నాళ్ళు? ఆ మూత్రపిండం పనిచేసినన్నాళ్ళూ. మందుకు నెలనెలా వేలల్లో ఖర్చు, రక్తపరీక్షల ఖర్చు దానికి అదనం.

నేనెరిగిన ఒక దర్జీ ఈ నాలుగో లెక్క వేసుకోలేదు. ఆపరేషనుకే ఉన్నదంతా ఊడ్చిపెట్టాడు. మూడేళ్ళు బాగానే ఉన్నాడు. కూతురి పెళ్ళి దగ్గరపడేసరికి, "ఒంట్లో బాగానే ఉందికదా" అని పూటకు రెండు మాత్రలు వేసుకోవలసిన చోట ఒకటి వేసుకున్నాడు. నొప్పి లేదు, జ్వరం లేదు. కాళ్ళు వాచి నా దగ్గరకు వచ్చేసరికి తమ్ముడిచ్చిన మూత్రపిండం చాలావరకు పోయింది. మళ్ళీ డయాలిసిస్ తప్పలేదు. బాగుండడం మాత్రల వల్లేనని అతనికి ఎవరూ గట్టిగా చెప్పలేదు.

అందుచేత డబ్బుకు ఇబ్బంది వస్తే మాత్ర తగ్గించకండి. సిగ్గుపడకుండా మీ డాక్టరుకు చెప్పండి. తక్కువ ధర జనరిక్ మందులుంటాయి. అయితే కంపెనీ మార్చేటప్పుడు డాక్టరుకు తెలియాలి, రక్తంలో మందు స్థాయి మళ్ళీ చూడాలి. నొప్పి మాత్రలు, ఆకుపసరులు, క్షయ మందులు సొంతంగా వాడకండి. పంపర పనస కూడా టాక్రోలిమస్ స్థాయిని పెంచగలదు, తినవద్దు. జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, రెండు రోజుల్లో బరువు పెరిగినా అదే రోజు ఫోను చేయండి.

ఇక సాయం ఎక్కడుంది? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. పొలం బేరం పెట్టకముందే ఆస్పత్రిలో వైద్యమిత్రను కలిసి మూడు ప్రశ్నలు అడగండి: మార్పిడి ఏ ఆస్పత్రిలో పథకం కింద చేస్తారు? తరువాతి మందులు ఎన్ని నెలలు ఇస్తారు? ఇచ్చేవారి పరీక్షల ఖర్చు ఎవరిది? మూత్రపిండం మార్పిడి జరిగినవారికి 2024 జూలై నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. దాన్ని మాత్రల డబ్బుగా విడిగా పెట్టండి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది. ఉద్దానం వైపువారు మొదట అక్కడ చూపించుకోవచ్చు.

ఇంట్లో ఇచ్చేవారు లేకపోతే, మరణించినవారి అవయవాల కోసం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు. రక్తపు గ్రూపు కలవని రెండు కుటుంబాలు ఒకరికొకరు ఇచ్చుకోవడానికి కూడా 2011 సవరణ తరువాత చట్టం ఒప్పుకుంటుంది. "డబ్బిస్తే మూత్రపిండం దొరుకుతుంది" అనే దళారిని మాత్రం గుమ్మం తొక్కనివ్వకండి. 1994 చట్టం ప్రకారం అమ్మినా, కొన్నా, బేరం కుదిర్చినా నేరమే. శిక్ష ఐదేళ్ళ నుంచి పదేళ్ళ జైలు, ఇరవై లక్షలకు తగ్గని జరిమానా.

కాగితం నిండాక తల్లి మెల్లగా అడిగింది. "ఇచ్చీసాక నాకేటవుద్ది బాబూ?" అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదట. ఆరోగ్యవంతులు ఒక మూత్రపిండంతో బతకగలరు. కాని బి.పి., చక్కెర జబ్బు లేవని ముందే తేలాలి, ఆ తరువాత ఏటా పరీక్ష జరగాలి. ఇష్టం లేకపోతే చివరి నిమిషంలోనైనా వద్దనే హక్కు ఆమెకుంది. ఈ సంగతి కొడుకు ఎదుటే చెప్పాను.

వారు ఆ వారం పొలం అమ్మలేదు. మొదట వైద్యమిత్ర దగ్గరకు వెళ్ళారు. కొడుక్కి మార్పిడి జరిగి ఏడాది దాటింది. పొలం ఇంకా వాళ్ళదే. కోడలు రాసిన కాగితం గోడమీద కాలెండరుకు గుచ్చి ఉందట. దానికింద ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది మాత్రలకు రోజూ టిక్కు పెడుతోంది.

మీ ఇంట్లోనూ ఈ కష్టం ఉంటే, ఇవాళే ఒక తెల్లకాగితం తీయండి.