గోలకొండ కెక్కిన నీరు

సికింద్రాబాదునకు నైరృతి దిక్కుననున్న గోలకొండను చూడబోవువారు కోటద్వారము క్రింద చప్పట్లు చరచి, ఆ ధ్వని కొండపైని బాలాహిస్సారున వినబడుట కబ్బురపడి మరలివత్తురు. బిందెలు మోసిన మనకు అంతకన్న వింతయైనది వేరొకటి కలదు. సుమారు 400 అడుగుల కొండమీదికి నీరెట్లు చేరెను?

కాకతీయులనాటి మట్టికోటను 16వ శతాబ్దమున కుతుబ్షాహీలు రాతికోటగా పెంచిరి. దుర్గము చెరువు నీరు మట్టిగొట్టముల గుండ కోట చేరెడిది. అచ్చట చక్రములచే నొక తొట్టినుండి పైతొట్టికి తోడుచు, అంచెలంచెలుగా కొండ కెక్కించెడివారు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించెను. కోట పడినది దాహముచే గాదు. లోనివాడే తలుపు తీసెను.

ఆ చక్రములు నేడు లేవు. కాని కోట చేరువనే, కుతుబ్షాహీ సమాధుల తోటలోని బడీ బావోలీ యను దిగుడుబావి 2013 వానలకు కొంత కూలగా, ఆగాఖాన్ సంస్థవారు రాతితో, సున్నముతో మరల కట్టించిరి. గోడలకు పూత పూయుట యెవరికైనను సాధ్యమే. ఊటను మరల రప్పించుట గదా జీర్ణోద్ధారణము! గోలకొండ దిగుడుబావుల పనికి 2022లో యునెస్కోవారు బహుమాన మిచ్చిరి. ఆ బావినీరే తోటచెట్లకు పారుచున్నది.