ఇరకం దీవికి ఎప్పుడు పోవలెను?

మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దీవికి యాత్ర పోదలచినవారు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ నెలలో పోవలెను? అక్కడ వేసవిలో చినుకు అరుదు. వానలు చాలవరకు చలికాలంలోనే కురుస్తవి. లార్నకా పట్టణం చెంతనున్న ఉప్పు సరస్సు ఎండలకు ఇంకిపోయి తెల్లని ఉప్పుపొరగా మిగులుతుంది. నవంబరు నాటికి దానిలో వాననీరు చేరడం మొదలవుతుంది. ఆ నీటితోపాటు రాజహంసలు దిగుతవి. మార్చి వరకు ఉంటవి. సముద్రస్నానమే పరమార్థమనుకొన్నవారు జూలైలో పోతారు. దీవిని దీవిగా చూడదలచినవారు ఎండలకు ముందో వెనుకనో పోతారు.

సైప్రస్ సంగతి మనకెందుకని పాఠకులకు తోచవచ్చును. కారణం ఉన్నది. ఆ సరస్సులో దిగే రాజహంసల జాతియే మన తడ ప్రక్కనున్న పులికాటు సరస్సులోను దిగుతున్నది. అక్కడివలెనే ఇక్కడను నీటినిబట్టి కాలాన్ని ఎన్నుకొనవలసి ఉన్నది. కాని మనవారిలో చాలమంది ఆ ఎన్నిక చేయరు. బడులకు సెలవులు ఎప్పుడు ఇస్తే అప్పుడు బయలుదేరుతారు. మే నెలలో పిల్లలను వెంటబెట్టుకొని సూళ్లూరుపేటలో దిగి, శ్రీహరికోట రోడ్డుమీద నిలబడి, బీటలువారిన బురదనేలను చూచి, ‘ఇదేనా సరస్సు?’ అని పెదవి విరిచి మరలిపోతారు. అందులో సరస్సు దోషం ఏమున్నది?

తడ ఆంధ్రదేశానికి దక్షిణపు గడప. చెన్నై నుండి కలకత్తా పోయే రహదారి, రైలుమార్గం రెండును ఈ ఊరిమీదుగానే పోతవి. ఎంతోకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో ఇది చేరినది. ఊరికి తూర్పున పులికాటు. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో ఒడిస్సాలోని చిలక తరువాత ఇదే పెద్దది. ప్రళయకావేరి అనేది దీని పాత పేరు. ఈ దీవుల బ్రతుకును, పలుకును పట్టి చూపిన స.వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ చదివినవారికి ఆ పేరు కొత్తకాదు. సరస్సు దక్షిణపు కొన తమిళనాడులో ఉన్నది; అక్కడ డచ్చివారు 1613లో కోట కట్టుకొని వ్యాపారం సాగించినారు. సరస్సుకును సముద్రానికిని నడుమ అడ్డుగా పరుండినట్లున్న పొడవైన ఇసుకదీవి శ్రీహరికోట. 1971 అక్టోబరులో రోహిణి రాకెట్టు అక్కడినుండి పైకి లేచిన నాటినుండి దాని పేరు దేశమంతట తెలిసినది. సరస్సు లోపల వేనాడు, ఇరకం మున్నగు దీవులు ఉన్నవి. ఇరకానికి పోవలెనంటే తడ మండలంలోని భీమునివారిపాలెం చేరి పడవ ఎక్కవలెను.

ఇక ఋతువు మాట. కావ్యాలు చదివి ఋతువులను తెలుసుకొన్న మనకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. కవుల లెక్కలో శ్రావణ భాద్రపదాలు వర్షర్తువు. ఆశ్వయుజ కార్తికాలు శరత్తు. శరత్తు అనగానే మబ్బు విడిన ఆకాశం, తేరిన నీరు, పండువెన్నెల. తడవారికి ఆ లెక్క సరిపోదు. నైరృతి ఋతుపవనం పడమటి కనుమలమీదనే తన నీటిలో చాలభాగం కుమ్మరించి ఈ తీరానికి వచ్చేసరికి తేలికపడిపోతుంది. ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య ఋతుపవనమే, అక్టోబరు నుండి డిసెంబరు లోపల, ఇక్కడ కురిపిస్తుంది. అంటే కవుల శరత్తు తడలో వర్షర్తువు! శరత్తులో చూడవలసిన తేరిన నీటిని ఇక్కడివారు హేమంతంలో చూస్తారు.

హంసల మాటయు అంతే. తొలకరి మబ్బు కనబడగానే హంసలు మానస సరోవరానికి పోతవనీ, శరత్తులో తిరిగి వస్తవనీ కవిసమయం. కాళిదాసు మేఘునికి దారితోడుగా పంపినది ఆ హంసలనే. పులికాటుకు రాజహంసలు వానలు వచ్చినవని పోయేవి కావు, వానలు వచ్చినవని వచ్చేవి. ముక్కును కాళ్లును ఎర్రగా ఉండి మేను తెల్లనైనది రాజహంస అని అమరసింహుడు చెప్పిన లక్షణం ఈ పక్షికి ఎంతగా అతుకుతుందో చూచినవారికి తెలుస్తుంది. అది ఇదేనా, మరొకటా అన్న వివాదాన్ని పండితులకు విడిచిపెడుదాం. ఇవి సైబీరియా నుండి వస్తవని మనవారు చెప్పుకోవడం కద్దు. మన దేశంలో ఇవి గూళ్లు కట్టి పిల్లలను పెంచే ప్రసిద్ధస్థానం గుజరాతులోని కచ్ రణ్. ఉత్తరాన హిమాలయాలను దాటి వచ్చేవి బాతులలో కొన్ని జాతులు.

వేసవిలో ఏమవుతుందో చెప్పవలెను. పులికాటు విశాలమే కాని లోతైనది కాదు. చాలచోట్ల నడుములోతు మించదు. అంత పలుచని నీరు ఎండకు త్వరగా ఆవిరి అవుతుంది. వానకాలంలో కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదులు తెచ్చిన నీటితో ఇంచుమించు మంచినీరుగా మారిన చోట్లే రోహిణికార్తె నాటికి సముద్రాన్ని మించిన ఉప్పదనానికి వస్తవి. సముద్రపు నీటిలో వేయింటికి 35 పాళ్లు ఉప్పు ఉంటే, ఎండిపోతున్న సరస్సులో 50 పాళ్లు దాటడం కూడ కలదు. ఉత్తరభాగం మైళ్లకొలది మేటవేసిన బురదగా మిగులుతుంది. పడవ అడుగు నేలకు తగులుతుంది.

దీనికంటె ముఖ్యమైన సంగతి త్రాగునీటిది. నెల్లూరు తీరపు ఇసుకలో మంచినీటికై త్రవ్వే గుంటను దొరువు అంటారు. సరస్సు ఉత్తరాన సముద్రంలో కలిసే చోటికి రాయదొరువు అన్న పేరులో ఈ మాటయే ఉన్నది. ఇసుకలో ఇంకిన వాననీరు తేలికైనది కాబట్టి అడుగునున్న ఉప్పునీటిమీద పొరవలె నిలుస్తుంది. ఆ పొర వరకే దొరువు త్రవ్వుతారు. లోతుగా త్రవ్వినా, అతిగా తోడినా అడుగునుండి ఉప్పు పైకి వస్తుంది. వేసవి ముదిరేకొద్ది ఆ పొర పలుచబడుతుంది. అటువంటి కాలంలో వినోదయాత్రకు వందలమంది ఇసుకదీవిమీద దిగడం ఇంటివారి కుండలోని నీటిని అడుగకుండ ముంచుకొనడమే. వేసవియాత్ర వద్దనడానికి ఎండ ఒక్కటే కారణం కాదు.

అట్లని వానలలో పోవచ్చునా? దసరా సెలవులు వచ్చేది ఆ రోజులలోనే. కాని అది వాయుగుండాల కాలం. 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతంలో తీరందాటిన పెనుతుపానును ఈ తీరంలో పెద్దలు ఇంకను తలచుకొంటారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను ఈ తీరం వెంబడే ఉత్తరానికి సాగి బాపట్ల దగ్గర నేలకెక్కినది. వెడల్పైన లోతులేని నీటిమీద గాలి లేచినప్పుడు అలలు పొట్టిగా, గుత్తంగా వస్తవి. చిన్నపడవకు అవి ప్రమాదకరం. తుపాను లేని రోజైనను నిర్లక్ష్యం తగదు. 2011 డిసెంబరు 25న తమిళనాడు వైపు ఈ సరస్సుమీద విహారానికి పోయిన పడవ తల్లక్రిందులై 22 మంది మునిగిపోయినారు. లైఫ్ జాకెట్టు లేని పడవలో పిల్లలను ఎక్కించరాదని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

కాబట్టి మిగిలినది పుష్యం రెండవ సగం, మాఘం. అంటే సంక్రాంతినుండి ఫిబ్రవరి చివర వరకు. ఈ నెలన్నరలో అన్నియు ఒకచోట కూడుతవి. వానలు వెనుకబట్టినవి, దొరువులు నిండి ఉన్నవి, పడవకు చాలినంత నీరు ఉన్నది, అయినను రాజహంస కాళ్లకు అందని లోతు కాదు. ఈ పక్షి మెడ వంచి తలను తలక్రిందుగా నీటిలో పెట్టి, ముక్కును జల్లెడగా చేసికొని, సన్నని రొయ్యపురుగులను, నాచును వడకట్టుకొని తింటుంది. దాని రెక్కలలోని గులాబివన్నె ఆ తిండినుండి వచ్చినదే. నీరు మెల్లగా తగ్గుతూ ఆహారం చిక్కబడే ఈ రోజులలో గుంపులు పెద్దవవుతవి. ఒక్కసారిగా లేచినప్పుడు మడతవిప్పిన రెక్కల అడుగునుండి ఎరుపు నలుపులు బయటపడతవి. మాటలతో చెప్పి పిల్లలకు చూపగలిగినది కాదది.

వచ్చినవారు నేలపట్టు చూడక పోరాదు. సూళ్లూరుపేటకు ఉత్తరాన దొరవారిసత్రం చెంత ఉన్న ఈ చెరువు 1976 నుండి పక్షిరక్షణ కేంద్రం. నీటిలో నిలిచి ఉన్న కడపచెట్లమీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టుకొంటవి. చెరువు నిండకపోతే గూడు లేదు. గూడు ఇక్కడ, మేత పులికాటులో; తల్లిపక్షి ఆ దూరమంతా ఎగిరిపోయి చేపలు తెచ్చి పిల్లల నోట పెడుతుంది. జనవరిలో పోయినవారికి పిల్లల కేకలు చెరువుకట్ట మీదికే వినబడతవి. ఏప్రిల్ నాటికి చెట్లు బోసిపోతవి.

జనవరిలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ పేరిట ప్రభుత్వం వేడుక జరుపుతున్నది. 2025లో అది జనవరి 18 నుండి 20 వరకు జరిగినది. ఊరికి అది మంచిదే. కాని పక్షులను చూడదలచినవారు ఆ మూడు రోజులను వదలి మరొక రోజు పోవడం మేలని నా అభిప్రాయం. మైకు మ్రోగే చోట పక్షి దగ్గరకు రాదు.

ఇంతవరకు చెప్పినది వచ్చిపోయేవారి ఋతువు. దీవులలో, ఒడ్డున ఉన్న మత్స్యకారులకు మరొక లెక్క ఉన్నది. వానలకు నిండిన సరస్సు ఇసుకమేటలను త్రోసుకొని సముద్రంలో కలిసినప్పుడే రొయ్య, చేపపిల్లలు లోపలికి రాగలవు. వలవేసే చోటును వంతులవారీగా పంచుకొనే ‘పాడు’ అన్న కట్టుబాటు సరస్సు దక్షిణభాగంలో తరతరాలుగా నడుస్తున్నది. పంచుకొనడానికి చేపలు ఉంటేనే ఆ కట్టుబాటుకు అర్థం. ముఖద్వారాలు ఇసుకతో పూడుకొనిపోవడం ఈ సరస్సుకు పట్టిన పాతరోగం. అవి మూసుకొన్న ఏడు చేపయు లేదు. అటు తరువాత పక్షియు తగ్గుతుంది. హేమంతం క్యాలెండరులో వస్తుంది కాని ఇరకంలో రాదు. రాయదొరువు దగ్గర ఇసుక తీయించే పనికి, మన పిల్లలు రాజహంసను చూడడానికి ఉన్న సంబంధం ఇది. సరస్సును గురించి పాఠం చెప్పేవారు పక్షితో మొదలుపెట్టినను ముఖద్వారం దాక పోవలెను.

బడులవారికి ఒక మాట. పదవతరగతివారికి ఫిబ్రవరి పరీక్షల తొందర. వారిని కదిలించడం కష్టం. ఎనిమిది, తొమ్మిది తరగతులవారిని సంక్రాంతి సెలవుల తరువాత ఒక శనివారం తీసికొని పోవచ్చును. తెల్లవారేసరికి సూళ్లూరుపేట చేరవలెను. రాకెట్టు ప్రయోగం ఉన్న రోజున ఆ దారిలో రాకపోకలకు అడ్డంకులుంటవి, ముందుగా కనుగొనవలెను. సరస్సును చీల్చుకొని తూర్పుగా పోయే శ్రీహరికోట రోడ్డుమీద ఇరుప్రక్కల పక్షులుంటవి. ఈ నెలలలో సూర్యుడు దక్షిణపు వాలున నడుస్తాడు గనుక దక్షిణపు నీటిమీద కళ్లు చెదురుతవి, పక్షులు నల్లగా కనబడతవి. పిల్లలను ఉత్తరపు అంచున, ఎండకు వీపు పెట్టి నిలబెట్టవలెను.